చేతికి తెలిసేది

కాక్‌పిట్ అనగానే మనకి విమానం గుర్తొస్తుంది. నిజానికి ఆ మాట విమానం కంటే చాలా పాతది. పడవల్లోంచి విమానాల్లోకి ఎక్కింది. పడవల కంటే ముందు అది అక్షరాలా కోడిపందేల బరి. భీమవరం వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. బరి చుట్టూ ఎంతమంది మూగినా లోపల కత్తి కట్టుకుని దిగేవి రెండు పుంజులే. తెరచాప పడవ కాక్‌పిట్‌లోనూ ఎంతమంది కూర్చున్నా చుక్కాని పట్టేది ఒక్కరే. మరి మిగతావాళ్ళు ఎవరు? ప్రయాణికులా, ప్రేక్షకులా, ఆ ఒక్కరి సరదాకి అయ్యే ఖర్చా? చాలాకాలం నాకు ఈ ప్రశ్నే తట్టలేదు.

పెర్ఫార్మెన్స్ క్రూజర్ అని ఒక రకం పడవ ఉంది. శనివారం రేసులో పరిగెత్తాలి, సెలవుల్లో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని షికారుకి పోవాలి, రెండిటికీ ఒకటే పడవ. వీటిని అమ్మేవాళ్ళు రెండు మాటలు తప్పకుండా చెప్తారు: కాక్‌పిట్ చాలా విశాలం, స్టీరింగ్ ఫీల్ అద్భుతం. ఈ రెండిటికీ అత్తాకోడళ్ళ సంబంధం. ఒకే ఇంట్లో ఉండొచ్చు, కాకపోతే ఎవరో ఒకరు సర్దుకుపోతూ ఉండాలి.

ఫీల్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. చిన్న పడవల్లో చుక్కాని తలకి నేరుగా ఒక కర్ర బిగించి ఉంటుంది. దాన్నే టిల్లర్ అంటారు. గోదావరి మీద పడవ నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదు. నీటికీ మన అరచేతికీ మధ్య ఆ కర్ర తప్ప ఇంకేమీ ఉండదు. గాలి పెరిగి పడవ ఒక పక్కకి ఒరిగేకొద్దీ దాని ముక్కు గాలి వచ్చే వైపుకి తిరగబోతుంది. తిరగనివ్వకుండా చుక్కానిని కొద్దిగా వంచి పట్టుకోవాలి. ఆ వంపు మూడు నాలుగు డిగ్రీలుంటే మంచిదంటారు. అసలు లేకపోతే నిద్రపోయేవాడి చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. మరీ ఎక్కువైతే, కర్ర భుజాన్ని గుంజుతుంటే, పడవ గొడవ పెడుతోందని అర్థం: తెరచాప ఎక్కువైంది, తగ్గించు అని. చెప్పడానికి దానికి వేరే నోరు లేదు.

కాక్‌పిట్ విశాలం కావాలంటే పడవ వెనకభాగం వెడల్పు కావాలి. వెడల్పు చేస్తే కింద రెండు పడగ్గదులు కూడా కలిసొస్తాయి. అయితే వెనక వెడల్పున్న పడవ ఒరిగితే, ఆ వెడల్పే దాని పిరుదుల్ని పైకెత్తి ముక్కుని నీళ్ళలోకి నొక్కుతుంది. మధ్యలో ఉన్న ఒంటి చుక్కాని సగం గాల్లోకి తేలి పట్టు వదిలేస్తుంది. అందుకని రెండు చుక్కానులు పెడతారు, ఒరిగినప్పుడు ఒకటైనా లోతులో ఉండేట్టు. ఇటూ అటూ ఒక్కో చక్రం, మధ్యలో భోజనాల బల్ల. చక్రాల నించి చుక్కానుల దాకా గొలుసులు, తీగలు, కప్పీలు, కీళ్ళు. పైగా చేతికి బరువనిపించకుండా, చుక్కాని పలకలో కొంత భాగాన్ని దాని ఇరుసుకి ముందు వైపుకి జరుపుతారు. అప్పుడు తిప్పే పనిలో కొంత నీళ్ళే చేసిపెడతాయి. హాయిగా వేలితో తిప్పొచ్చు. చిక్కేమిటంటే, ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా పడవ మాట కొంచెం కొంచెం సన్నబడిపోతుంది.

ఇంకో తమాషా ఉంది. ఈ వెడల్పాటి వెనకభాగం, జంట చుక్కానులు ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే వాన్‌డే గ్లోబ్ లాంటి రేసుల్లో ఆరితేరిన రూపం. అక్కడ ఆ వెడల్పు వేగం కోసం, పడవలో ఉండేది ఒకే ఒక్క మనిషి. అదే వెడల్పులో మనం ఎనిమిది మందిమి కూర్చుని పులిహోర తింటాం.

ఇంతవరకూ చదివి నేను టిల్లర్ పార్టీ అనుకుంటారేమో. ఒకప్పుడు ఔను. అమెరికాలో చెసపీక్ బే మీద ఒక మిత్రుడి పాత ముప్ఫై అడుగుల పడవలో కొన్నేళ్ళు తిరిగాను. దానికి టిల్లరే. కాక్‌పిట్ ఎంత ఇరుకంటే, పడవ మలుపు తిరిగినప్పుడల్లా ఆ కర్ర ఈ చివర నించి ఆ చివరికి ఊడ్చుకుంటూ వచ్చేది, అందరూ మోకాళ్ళు ఎత్తి దారివ్వాలి. ఒక అక్టోబరు మధ్యాహ్నం మంచి గాలి. కర్ర మిత్రుడి చేతిలో ఉంది. ఆయన మొహం చూడాలి, త్యాగరాజ ఆరాధనలో ముందు వరసలో కూర్చున్నవాడిలా ఉంది. గాలి ఏ కాస్త మారినా ఆయన వేళ్ళకి తెలిసిపోతోంది. గాలికి ఎదురుగా వెళ్తున్నాం కాబట్టి తుంపర్లన్నీ వదినగారి మీద పడుతున్నాయి. "చలేస్తోందండీ" అందావిడ. "ఇంకో పది నిమిషాలు" అన్నాడాయన. కాసేపటికి మళ్ళీ అంది. ఆయన తెరచాప అంచు వైపు చూస్తూ తలూపాడు. మూడోసారి ఆవిడ అనలేదు. జాకెట్‌లోకి చేతులు ముడుచుకుని ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది.

ఆయన వేళ్ళకి నీళ్ళలో జరిగేదంతా తెలుస్తోంది, మూరెడు దూరంలో వణుకుతున్న మనిషి తెలియలేదు. నాకు తెలిసింది, నేనూ ఏమీ అనలేదు. తరవాతి వంతు నాది కదా.

స్పర్శ అనేది గొప్ప సుగుణం అని మనం తేలిగ్గా అనేస్తాం. సంగీతంలో, వంటలో, వైద్యంలో చెయ్యి మంచిదంటాం. ఆ చెయ్యి ఎవరి పట్ల మంచిదో అడగం. ఒక వస్తువుతో పూర్తిగా లీనమైనవాడు ఆ క్షణంలో మిగతా ప్రపంచానికి చెవిటివాడు కావొచ్చు. కాబట్టి విశాలమైన కాక్‌పిట్ అడిగినవాళ్ళు సోమరులేం కాదు, వాళ్ళు అడిగింది ఆ బరిలో తమకీ కాస్త చోటు.

మిత్రుడూ అలాగే అనుకున్నట్టున్నాడు. నాలుగేళ్ళ తరవాత నలభై అడుగుల కొత్త పడవ కొన్నాడు. రెండు చక్రాలు, మధ్యలో బల్ల, పైన గుడ్డపందిరి. అందరికీ నచ్చింది. వదినగారు మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఒక జులైలో ఇండియా నించి వచ్చిన వాళ్ళ అమ్మగారిని కూడా తీసుకొచ్చారు. పడవని ఆటోపైలట్‌కి అప్పజెప్పి మేమంతా బల్ల చుట్టూ కూర్చున్నాం. అక్కడ వేసవి మధ్యాహ్నాలు పడమటి నించి ఉరుములతో గాలివానలు వస్తాయి, ఆ సంగతి మా అందరికీ తెలుసు. గాలి పెరుగుతోంది. పందిరి కింద నించి తెరచాప కనబడటంలేదు. ఆటోపైలట్ చుక్కానిని కొంచెం తిప్పింది, ఇంకొంచెం తిప్పింది. దానికి భుజం నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. తిప్పడానికి ఇంకేం మిగలని క్షణాన పడవ పూర్తిగా ఒరిగి, గిర్రున గాలి వైపుకి తిరిగిపోయింది. బల్ల మీద ఉన్నవన్నీ ఎగిరిపోయాయి. పెద్దావిడ సీటు మీంచి జారి అవతలి చక్రానికి కొట్టుకుంది. మణికట్టు విరిగింది.

మిత్రుడు తరవాత చాలాసార్లు అన్నాడు, "పాత పడవైతే పది నిమిషాల ముందే నా చేతికి తెలిసిపోయేది" అని. నిజమే. పాత పడవైతే ఆవిడ అసలు ఎక్కేదే కాదు, అదీ నిజమే.

జాషువా స్లోకమ్ గుర్తొస్తాడు. 1895 నించి 1898 దాకా 'స్ప్రే' అనే పడవలో ఒంటరిగా భూమిని చుట్టి వచ్చినవాడు, అలా చేసినవాళ్ళలో మొదటివాడు. హిందూ మహాసముద్రంలో కీలింగ్ కోకోస్ దీవులకి వెళ్ళేటప్పుడు 23 రోజుల్లో 2,700 మైళ్ళు నడిచింది ఆ పడవ. అన్ని రోజులూ కలిపి తాను చుక్కాని దగ్గర ఉన్నది మూడు గంటలే అని రాశాడు. చక్రాన్ని కట్టేసి చదువుకునేవాడు. ఫీల్ మీద నా ప్రేమకి ఇది పెద్ద గొడ్డలిపెట్టు. కానీ స్లోకమ్ చుక్కానిని పట్టించుకోకుండా వదిలేసినవాడు కాదు. తెరచాపల్ని సరిగ్గా సర్దాకే చేతులు తీశాడు. ఏమైనా తేడా వస్తే తెలుసుకోడానికి ఒళ్ళంతా ఉంది ఆయనకి. మేము చేతులతోపాటు ఒళ్ళు కూడా తీసేశాం.

అధికారం ఉన్నవాడికి ఫిర్యాదు చేరాలి. చేరాలంటే అతనికి ఎంతోకొంత ఇబ్బంది కలగాలి. ఆ ఇబ్బందిని ఇంజినీరింగుతో తీసేస్తే ఎవరికీ నొప్పి తెలీదు, చివర్న మణికట్టు విరిగే మనిషికి తప్ప. టిల్లర్ పడవలో మాత్రం, ఫిర్యాదు చేరింది గానీ నీళ్ళ నించి ఒకటే చేరింది. పక్కనున్న మనిషిది చేరలేదు. ఈ రెండు చేరకపోవడాల్లో ఏది పెద్ద తప్పని నన్నడిగితే, నేను రెండోదే అంటాను. మొదటిదానికి యంత్రం మీదకి నెట్టెయ్యడానికైనా వీలుంది.

ఈ ఏప్రిల్‌లో మళ్ళీ అదే పడవలో వెళ్ళాం. ఆటోపైలట్ ఆపేసి ఉంది. వదినగారు చక్రం తను పట్టుకుంటానంది, ఇన్నేళ్ళలో మొదటిసారి. మేం ఎప్పుడూ అడగలేదు కూడా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత భర్త వైపు చూసి, "ఇది నన్ను లాగేస్తోందేమిటండీ?" అంది.

"గాలి పెరిగిందిగా."

"ఎప్పట్నించి లాగుతోంది ఇలా?"

"ఓ పావుగంట అయ్యుంటుంది" అన్నాడాయన.

"మరి ఇంకా కూర్చున్నారేం?"

ఆయన లేచి తెరచాప కుదించడానికి ముందుకెళ్ళాడు. నేను తాడు అందుకున్నాను.