ఎండ అందరిది, నీడ ఎవరిది?



ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం వీరులపాడు నుంచి నందిగామ వెళ్ళే దారిన ఒక్కసారి చూడండి. ఎక్కే మనిషి ఉండడు. ఆటోలు వేపచెట్ల కింద ఆగి ఉంటాయి. డ్రైవర్లు సీటు మీదే కునుకు తీస్తుంటారు. మన మెట్ట ప్రాంతపు ఎండ అలాంటిది.

ఆ ఎండతోనే బండి నడపవచ్చని ఇప్పుడు వింటున్నాం. పైన సౌర పలకలు, కింద కరెంటు బండ్లకు ఛార్జింగు. మంచిదే. అయితే అటువంటి స్టేషనుకు నమూనా గీసేవారు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎవరి కోసం?

లెక్క చూద్దాం. ఒక కిలోవాటు పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళే కారుకు గంటలోపు ఛార్జింగు ఎక్కించాలంటే 60 కిలోవాట్ల యంత్రం కావాలి. అంత శక్తి పలకల నుంచే రావాలంటే దాదాపు 15 సెంట్ల నేల కావాలి. అదీ ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే. రాత్రి వచ్చిన కారుకు లైను కరెంటే గతి. అందులో ఇబ్రహీంపట్నం బొగ్గు కరెంటూ ఉంటుంది. బోర్డు మీద సూర్యుని బొమ్మ వేసినంత మాత్రాన అది సౌర స్టేషను అయిపోదు. అందరికీ తెలిసేలా నిజం చెప్పడం కూడా నమూనాలో భాగమే.

ఆటో సంగతి వేరు. దాని బ్యాటరీకి పట్టేది 7 నుంచి 10 యూనిట్లు. 3 కిలోవాట్ల పలకలు కప్పిన చిన్న పాక ఒక ఆటోకు రోజుకు సరిపోతుంది. పైగా డ్రైవరు విశ్రాంతి తీసుకునే వేళే సూర్యుడు ఎక్కువగా ఇచ్చే వేళ! 2024లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఛార్జింగు స్టేషన్లకు కరెంటు చౌకగా ఇవ్వాలన్నాయి. ఆ తగ్గింపు డ్రైవరు చేతికి అందాలి కదా!

“కార్ల వల్లనే లాభం, ఆటోలను నమ్ముకుంటే పెట్టుబడి తిరిగి వస్తుందా?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పెట్టుబడి పెట్టినవాడు నష్టపోవాలని ఎవరూ కోరరు. కార్లు రానివ్వండి. కాని అదే ఆవరణలో ఆటోలకు, స్కూటర్లకు నాలుగు ప్లగ్గులు, ఒక బల్ల, ఒక మంచినీళ్ళ కుండ పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? పెద్ద యంత్రం ఖరీదు ముందు అది స్వల్పం.

నేల మాట కూడా మరువరాదు. పత్తి, మిరప పండే భూమిని పలకలతో కప్పేస్తే కౌలు రైతు ఎక్కడికి పోవాలి? దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2024 జూన్‌లో వాటికన్ అవసరాలకు సౌర విద్యుత్ కేంద్రం నిర్మించాలని ఆదేశించినప్పుడు, పలకలతోపాటు సేద్యమూ సాగే పద్ధతినే ఎంచుకున్నారు. మనకైతే బస్టాండు, మార్కెట్ యార్డు, బడి పైకప్పులు ఉండనే ఉన్నాయి. ముందు వాటిని చూద్దాం.

ఎండకు తరతమ భేదం లేదని ప్రభువే మనకు బోధించారు. భేదం వచ్చేది మనం వేసే కప్పు దగ్గర. రేపు మీ ఊళ్ళో ఇటువంటి స్టేషను మాట వస్తే, గ్రామసభలో లేచి ఒక్క ప్రశ్న అడగండి: వేపచెట్టు కింది ఆటోకు ఇందులో చోటుందా?