సమస్య ఎవరిది?

పోటీ అనగానే గెలుపెవరిదని అడుగుతాం. సమస్య ఎవరిదని అడగం. ఈ రెండో ప్రశ్న వేయకుండా విద్యార్థుల్లో వైజ్ఞానిక ప్రతిభను పెంచుతున్నామనుకోవటం ఆత్మవంచన. ఈ మాట ఇతరులను నిందించటానికి అనటం లేదు. ఆ వంచనలో నాకూ భాగముంది.

జంపని చుట్టుపట్ల గ్రామాల విద్యార్థులు పాల్గొన్న ఒక ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతల్లో ఒకడిగా పిలిచారు. తెలుగు పాఠాలు చెప్పేవాడికి యంత్రాలతో పనేమిటన్నాను. విషయం ఎలా చెబుతున్నారో చూసి మార్కులు వేస్తే చాలన్నారు. ఒక కుర్రవాడు పాత సైకిలు చక్రాలతో, గొలుసుతో వరినాట్లు వేసే యంత్రం నమూనా చేశాడు. "కూలీల కొరతకు పరిష్కారం" అని అట్టమీద రాశాడు. తడుముకోకుండా వివరించాడు. నిండుగా మార్కులు వేశాను. పక్క బల్ల దగ్గరున్న బాలిక అడిగింది: "మరి మా అమ్మ నాట్లకు ఎక్కడికి పోవాలండీ?" నేను జవాబు చెప్పకుండా ముందుకు నడిచాను.

"కూలీల కొరత" అనే మాట పొలం యజమాని గట్టుమీద నిలబడి అన్నమాట. బురదలో నిలబడి చూస్తే అదే విషయం "పని కొరత"గా కనిపిస్తుంది. విత్తనం వెదజల్లే పద్ధతి వ్యాపించిన డెల్టా పొలాల్లో నాట్ల పని ఇదివరకే తగ్గింది. కనుక సమస్యకు పేరు పెట్టటంలోనే పక్షం నిర్ణయమైపోతుంది. పరిష్కారం ఆ తరవాతి సంగతి.

అయితే యంత్రం వద్దనాలా? అనకూడదు. రోజంతా నడుము వంచి నీళ్లలో నిలబడటంలో పవిత్రత ఏమీ లేదు. ఆ బాధ పోవాలి, కూడు పోకూడదు. యంత్రం నాటే స్త్రీల ఉమ్మడి ఆస్తి అయితే రెండూ సాధ్యమే.

బాధ ఎవరిదో ముందుగా తెలిసినచోట యంత్రం ఎలా పుడుతుందో ఆలేరు ప్రాంతపు చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం చూపించారు. చీర కోసం ఆసు పోయటానికి తల్లి లక్ష్మి వేలసార్లు చేయి తిప్పేది. భుజం నొప్పితో బాధపడేది. ఆరో తరగతితో చదువు ఆగిన ఆయన ఏళ్ల తరబడి శ్రమించి ఆసు యంత్రం తయారుచేశారు. పద్మశ్రీ 2017లో వచ్చింది. ప్రేరణ మాత్రం బహుమతి కాదు, అమ్మ భుజం.

నేడు అవకాశాలు లేకపోలేదు. ఇన్‌స్పైర్ మానక్ పథకం ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలిస్తుంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ లాబ్‌లు బడుల్లోకి పరికరాలు తెచ్చాయి. ఇవి మేలే. బడ్డీకొట్టువాడి కొడుకు చేతికి కూడా సెన్సారు అందటం చిన్న విషయం కాదు. కాని పరికరం అందితే సమస్యను ఎంచుకునే వివేకం అందినట్లు కాదు. 1993లో ఆరంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఊరిలోని సమస్యను పిల్లలు జట్టుగా పరిశీలించాలన్న పద్ధతి తెచ్చింది. జనాన్ని అడిగి తెలుసుకోవటం విజ్ఞానంలో భాగమేనని అది నేర్పుతుంది.

పిల్లలకు ఇంత రాజకీయమెందుకని మిత్రులంటారు. "కూలీల కొరత" అని రాసిన అట్టలో రాజకీయం లేదా? ఉన్నదాన్ని చూడనివ్వకపోవటమే పెద్ద రాజకీయం.

ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. వాడిని ప్రశ్న అడగవలసినవాణ్ణి నేను. మార్కుల పట్టికలో రెండు గడులు చేర్చాలని నా సూచన: ఇది చేసేముందు ఎవరిని అడిగావు? ఇది వస్తే ఎవరి కూలి పోతుంది, వారికేమిటి దారి? జవాబు దొరకకపోయినా మార్కులివ్వవచ్చు. ప్రశ్న తట్టకపోతే మాత్రం లోపం మన బోధనలో ఉన్నట్లే.