అలుగు పారిన ఏడు

మా నాయనకు కనిగిరిలో సోడా కొట్టు ఉండేది. ఎండాకాలం పొద్దున పూట ఐసు ఫ్యాక్టరీ నుంచి రిక్షా మీద దిమ్మ వచ్చేది, ఊక చల్లించుకొని, గోనెపట్టా కప్పుకొని. నాయన దాన్ని గట్టు మీదికి దించి, మేకుతో నాలుగు చోట్ల పొడిచి ఒక్క దెబ్బ వేసేవాడు. దిమ్మ నిలువునా విచ్చుకునేది. అంచులు గాజులాగా ఉండేవి, అవతల పెట్టిన చెయ్యి కనపడేది. నడిమధ్యలో మాత్రం పాలు పోసినట్టు తెల్లటి చార. నాకు ఆ తెల్లముక్క మీదే ఆశ. చెయ్యి చాపితే నాయన పక్కకు నెట్టేవాడు. "అది వద్దురా. నీళ్ళల్లో ఉండే చెడంతా అక్కడికే చేరుద్ది. అంచు ముక్క తీసుకో."

నాయన దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. రోజూ పగలగొట్టి చూసినవాడు కాబట్టి తెలుసు. ఫ్యాక్టరీలో నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలను ఉప్పునీటి తొట్టిలో దించుతారు. సున్నా డిగ్రీల కన్నా కిందికి చల్లబడినా ఉప్పునీరు గడ్డకట్టదు, డబ్బాలోని మంచినీళ్ళు మాత్రం కడతాయి. అంచుల నుంచి మొదలై లోపలికి. గడ్డ పేరుకునేటప్పుడు తన వరసలోకి నీటిని తప్ప మరో దాన్ని రానివ్వదు. ఉప్పు, గాలి, ఏది కరిగి ఉన్నా ముందుకు నెట్టుకుంటూ పోతుంది. ఆఖరున గడ్డకట్టేది నడిమి భాగం, తరుముకొచ్చినదంతా అక్కడ చిక్కుకుపోతుంది. ఆ తెల్లచార అదే.

చాలా ఏళ్ళ తర్వాత ధ్రువ సముద్రాల గురించి చదువుతుంటే మళ్ళీ ఆ గట్టు గుర్తొచ్చింది. సముద్రం గడ్డకట్టాలంటే దాదాపు మైనస్ 1.8 డిగ్రీల చలి కావాలి. అక్కడా మంచు తన ఉప్పును కిందికి తోసేస్తుంది. కొంత మాత్రం సన్నటి గదుల్లో చిక్కుకుంటుంది. అందుకే కొత్త మంచు కరిగిస్తే ఉప్పగా ఉంటుంది. అదే మంచు ఒక వేసవిని తట్టుకొని నిలబడితే, పైన కరిగిన నీళ్ళు లోపలికి ఇంకి ఆ చిక్కిన ఉప్పును కడిగేస్తాయి. రెండు మూడు ఎండాకాలాలు దాటిన మంచును కరిగించి నావికులు తాగారు. నట్టనడి సముద్రంలో, సముద్రం నుంచే, తాగే నీళ్ళు. ఎండ దెబ్బ తినని మంచుకు ఆ తీపి రాదు.

ఈ సంగతి మరో ఊరివాడు చదివితే ఆసక్తిగా ఉందనుకొని పేజీ తిప్పుతాడేమో. కనిగిరివాణ్ణి, నేను తిప్పలేకపోయాను. మా నీళ్ళు రాతిలో కూర్చుంటాయి. కనిగిరి గ్రానైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు మా ఊరి పేరుతోనే పిలిచే రాయిలో ఫ్లోరిన్ మెండు. బోరు లోతుకు పోయేకొద్దీ, రాతి నెర్రెల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు తగులుతాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు ఇక్కడ ఎన్నో ఊళ్ళలో దాటేసింది. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును గుర్తించి 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసే. మేమూ అప్పుడు ఆ జిల్లాలోనే ఉన్నాం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అందులోకి మారాం. జిల్లా మారింది గానీ బావి మారలేదు. మా అవ్వ అరవై దాటేసరికి నడుము వంగిపోయింది. ఆమెకు తన కాళ్ళ ముందున్న నేల తప్ప ఆకాశం కనపడేది కాదు. "మబ్బు పట్టిందా?" అని మమ్మల్ని అడిగేది. నా బడి నేస్తాల పళ్ళ మీద గోధుమ చారలు ఉండేవి. వాళ్ళు నవ్వేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ అరచేతుల్ని నేనింకా మరిచిపోలేదు.

గడ్డకట్టే నీరు తనలో ఉన్నదాన్ని వదిలేస్తుంది. రాతిలో నిలిచిన నీరు రాయినే తాగుతుంది. ఒకే పదార్థం, రెండు దారులు. ఇప్పుడు మేము తాగేది 20 లీటర్ల క్యాను నీళ్ళు. ప్లాంటులో సన్నటి పొర గుండా నీటిని నెట్టి, ఉప్పును వెనక్కి ఆపుతారు. ఆ ఆపిన నీళ్ళు, అంటే చెడు మరింత చిక్కబడ్డ నీళ్ళు, వీధి కాలువలోకి పోతాయి, అక్కణ్ణించి నేలలోకి. ధ్రువాల దగ్గర మంచు వదిలిన ఉప్పు వృథా పోదు. ఆ చిక్కటి చల్లటి నీరు బరువెక్కి అడుగుకు దిగి, మహాసముద్రాల లోతుల్లో వేల మైళ్ళు ప్రయాణం చేస్తుంది. అంటార్కిటికా అంచున మునిగిన నీరు భూమధ్యరేఖను దాటి ఉత్తరానికి పోతుంది. వదిలిపెట్టింది ఎక్కడికి చేరుతుందో చూసుకోవడం కూడా శుద్ధి చేయడంలో భాగమని నాకు దీని వల్లే తోచింది. మా వీధి కాలువ పక్కన నిలబడ్డప్పుడల్లా ఆ అడుగు ప్రవాహం మనసులో మెదులుతుంది.

ఇంతకీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది మంచు విరిగే కాలం. ఉత్తరాన మే, జూన్ నెలల్లో సూర్యుడు దిగకుండా నిలబడతాడు. మంచు మీది హిమం కరిగి నీలం మడుగులు కడుతుంది. తాజా హిమం తన మీద పడ్డ వెలుగులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది, తెరుచుకున్న సముద్రం తొంభై పాళ్ళకు పైగా మింగేస్తుంది. కాబట్టి ఒకచోట చీలితే ఆ చీలికే పక్కదాన్ని కరిగిస్తుంది. అలలు కిందనుంచి పైకెత్తుతాయి, గాలి పలకల్ని విడదీస్తుంది. వెలుగు నీటిలోకి దిగుతుంది. మంచు అడుగున పట్టిన నాచు, నీటిలోని కంటికి కనపడని మొక్కలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిని తినే పురుగులు, పురుగుల్ని తినే చేపలు, చేపల కోసం సీళ్ళు, వాటి వెంట ఎలుగుబంట్లు. అక్కడి జీవాలకు అది తిండి దొరికే కాలం. విరగడం వాటికి ఆపద కాదు, పంట.

మార్చిలో ఆర్కిటిక్ మంచు కోటిన్నర చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. 1980లలో సెప్టెంబరుకు అందులో 70 లక్షలు మిగిలేది. 2012 సెప్టెంబరులో మిగిలింది 34 లక్షలు. మన దేశం వైశాల్యం 32.87 లక్షలు. ఒక భూగోళపు నెత్తి మీద మిగిలిన మంచంతా ఇంచుమించు ఒక్క భారతదేశమంత. దక్షిణాన సెప్టెంబరులో కోటీ 80 లక్షల దాకా పేరుకున్నది ఫిబ్రవరికి 30 లక్షలకు దిగడం మామూలే, 2023 ఫిబ్రవరిలో 18 లక్షలకు దిగింది.

చలికాలం రాగానే మళ్ళీ గడ్డకడుతుంది గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కడుతుంది. కానీ అది కొత్త మంచు, పల్చటిది, ఉప్పటిది. 1980ల నడుమ, నాలుగేళ్ళు దాటిన ముదురు మంచు మొత్తంలో దాదాపు మూడో వంతు ఉండేది. ఇప్పుడు నూటికి అయిదు పాళ్ళు కూడా లేదు. తీపెక్కిన మంచే పోయింది.

విరగడం కాదు, మళ్ళీ నిండుగా కట్టకపోవడమే నష్టమని నాకు మా ఊరి చెరువులోంచే అర్థమైంది. చెరువు ఎండితే మా పెద్దవాళ్ళెవరూ కంగారుపడేవాళ్ళు కాదు. వైశాఖంలో నేల నెర్రెలిస్తే బండ్లు కట్టుకొని ఒండ్రు తోలుకునేవాళ్ళు. ఎండిన చెరువే చేనికి ఎరువు ఇచ్చేది. పిల్లలం ఆ పగిలిన పెచ్చుల మీద అడుగులేస్తే కరకరమనేది. ఎండడం ఏటా ఉండేదే. మా అవ్వ ఏళ్ళను లెక్కపెట్టింది మాత్రం నిండడంతో. పెళ్ళి ఏనాడయిందంటే "అలుగు పారిన ఏడు", మా చిన్నాయన పుట్టిందెప్పుడంటే "అలుగు పారిన మరుసటి ఏడు". ఎండిన ఏళ్ళకు ఆమె దగ్గర పేరు లేదు.

జపాన్‌లో కూడా ఏళ్ళను ఇలా లెక్కపెట్టే చోటు ఉంది, సువా అనే సరస్సు. చలికి గడ్డకట్టి, మంచు పగిలి, గట్టులాగా పైకి లేస్తుంది. అవతలి ఒడ్డున ఉన్న దేవత దగ్గరికి స్వామి నడిచి వెళ్ళిన దారి అదని అక్కడి నమ్మకం. 1443 నుంచి గుడి పూజారులు ఏటా దాన్ని రాసిపెడుతున్నారు. ఈ మధ్య చాలా చలికాలాలు సరస్సు పూర్తిగా గడ్డకట్టడమే లేదు. రాయడానికి గట్టు లేవలేదన్న మాట తప్ప మిగలలేదు. ఆ పూజారి, మా అవ్వ ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఏదో ఒకటి పంచుకునేవాళ్ళని నాకెందుకో నమ్మకం.

మా ఊరూ అట్లాగే విరుగుతుంది. పంట ఇంటికొచ్చాక, రాకపోతే ఇంకా ముందే, హైదరాబాదుకూ బెంగుళూరుకూ కట్టుబడి పనులకు బస్సెక్కుతారు. వెళ్ళడం మా తాతల నాటి నుంచీ ఉంది. తిరునాళ్ళకు వచ్చి, పశువుల్ని చూసుకొని, ఇల్లు అలుక్కొని, తొలకరికి దుక్కి దున్నేవాళ్ళు. ఇప్పుడు తిరునాళ్ళకు వచ్చినవాళ్ళు పొద్దుటి బస్సుకే తిరిగి వెళుతున్నారు. అరుగుల మీద ముసలివాళ్ళు మిగిలారు. నాకు వెళ్ళేవాళ్ళ మీద కోపం లేదు. కూడే కాలం పొట్టిదైపోయిందన్నదే నా దిగులు.

ఆ దూరపు మంచుకూ మన మబ్బుకూ ముడి ఉండవచ్చు కూడా. మన దేశం 2008లో ఉత్తర ధ్రువానికి దగ్గరలో, స్వాల్‌బార్డ్ దీవుల్లో, హిమాద్రి అనే కేంద్రం తెరిచింది. గోవాలోని మన ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్ళు 2021లో ఒక మాట చెప్పారు. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరు చివర్లో కుండపోతగా పడే వానలకీ సంబంధం ఉండవచ్చని. 'ఉండవచ్చు' అనే వాళ్ళన్నారు, నేనూ అంతకుమించి అనను. కానీ మబ్బు పట్టిందా అని అడిగిన అవ్వకు ఈ సంగతి చెప్పగలిగి ఉంటే బాగుండేదనిపించింది.

మా నీళ్ళ కష్టం తీర్చడానికి నల్లమల కింద వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు రెండు తవ్వారు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణ నీళ్ళు వాటి గుండా మా వైపు రావాలి. రాతి మధ్య నుంచే వచ్చినా రాతిలో నిలవని నీళ్ళు అవి. ఆ నీళ్ళు తాగే పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోరు.

సెప్టెంబరు నడుమ ఆర్కిటిక్ మంచు అన్నిటికన్నా తక్కువకు చేరే రోజు కోసం నేను ఏటా ఫోనులో వెతుకుతాను. అంకె చూశాక చెరువుకట్ట మీదికి నడుస్తాను. తూము రాయి మీద పాత నీటి గీతలు ఉన్నాయి, అన్నిటికన్నా పైది నా భుజం ఎత్తున. నిరుడు వెళితే అడుగున, మోకాలి కింద, బెత్తెడు నీళ్ళున్నాయి. వాటిలో రెండు కొంగలు నిలబడి ఉన్నాయి. చాలాసేపు చూశాను. మబ్బు పట్టింది, కురవలేదు.