తెలియక మోసినదానికి ఉత్తరవాదులమా?

2021 ఏప్రిల్ నెలను రాయపూరు నగరవాసులు మరువజాలరు. ఆ నెల 9వ తేదీ సాయంకాలము నుండి నగరమంతయు మూయబడెను. అప్పటికే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో ఒక్కొక్క దినమున పదివేలకు మించిన క్రొత్త రోగులు లెక్కకు వచ్చుచుండిరి. ఆసుపత్రులలో మంచములు చాలలేదు; శవాగారములు చాలలేదు. ఆ దినములు గడచిన పిమ్మట, ఏడ్పు కొంత సద్దుమణిగిన యిండ్లలో ఒక ప్రశ్న మెల్లగా వినబడసాగెను. అడిగినవారు ఒకరిద్దరు కారు. ప్రశ్న రూపములు వేరుగాని సారము ఒకటే: "నేను నాగపూరు నుండి ఇంటికి వచ్చితిని. నాకు కొంచెము ఒళ్లునొప్పులు తప్ప మరేమియు లేదు. పక్షము దినములలో నాన్నగారు పోయిరి. ఆయనను నేనే చంపితినా?"

ఇట్టి ప్రశ్నకు మనయొద్ద రెండు జవాబులు సిద్ధముగా నుండును. ఒకటి, అంతయు దేవుని చిత్తము, నీవేమి చేయగలవు అనునది. రెండవదానిని నోటితో చెప్పము, చూపుతో చెప్పుదుము: నీవు రాకుండినయెడల ఆయన బ్రదికియుండెడివారు గదా! మొదటి జవాబు ప్రశ్నను ఆలకింపనే ఆలకింపదు. రెండవది ఆలకించి వెంటనే శిక్ష విధించును. ఈ రెంటి నడుమ సత్యమునకు చోటున్నదో లేదో చూడవలెనన్న, వైరసు యొక్క పని ఎట్టిదో ముందుగా కొంత తెలిసికొనవలెను. ధ్యానములకైన సంచికలో జీవశాస్త్రమేల అని చదువరి విసుగుకొనకుండునుగాక. శరీరములో జరుగుదానిని ఎరుగక మనస్సాక్షిని గూర్చి తీర్పు చెప్పబూనుట తొందరపాటు.

వైరసు అను మాటకు లాటిను భాషలో విషమని అర్థము. మన పల్లెలలో వానకాలపు జ్వరములను విషజ్వరములని పిలుచుట వినునప్పుడెల్ల, లాటిను ఎరుగని మన పెద్దలు అదే మాటను తమంతట తామే కనుగొనిరిగదా అని నాకు తోచును. అయితే వైరసు విషము వంటిది మాత్రమే కాదు, వ్రాత వంటిది కూడ. కోవిడ్ వైరసు లోపల ఉన్నది సుమారు 30,000 అక్షరముల పొడవుగల ఒక ఆర్.ఎన్.ఎ. పోగు. ఆ వ్రాత తన్నుతాను నకలు చేసికొనజాలదు. జీవకణములో ప్రవేశించి, దాని పనిముట్లతో, దాని సరకుతో నకళ్లు తీయించుకొనవలెను. అనగా మన దేహమే దానికి లేఖకశాల.

నకలు వ్రాయుటనిన నావంటి అనువాదకులకు చిరపరిచితమైన సంగతి. గ్రీకు క్రొత్త నిబంధనకు 5,000కు మించిన వ్రాతప్రతులు కలవు. పెద్ద ప్రతులలో ఏ రెండును అక్షరాలా ఒకటి కావు. లేఖకుడు కన్నుచెదరి ఒక పంక్తి విడిచెను, లేక ఒక అక్షరమునకు మారుగా మరియొకటి వ్రాసెను. అతని ప్రతిని చూచి వ్రాసినవారందరు ఆ తప్పునే తిరిగి వ్రాసిరి. చదువుటలోను ఇట్టి మార్పులు కలుగును. హెబ్రీ భాషలో "తెగులు" అను మాటకును "వాక్కు" అను మాటకును హల్లులు ఒకటే, అచ్చులలోనే భేదము. అచ్చుల గుర్తులు లేని ప్రాచీన ప్రతిని చదివిన గ్రీకు అనువాదకులు, హబక్కూకు గ్రంథము మూడవ అధ్యాయములో దేవుని ముందర నడచు తెగులును "వాక్కు" అని చదివిరి. తెగులు అను మాటకే ఇట్టి మార్పు తగులుట చిత్రము!

వైరసులోను ఇదే జరుగుచున్నది. నకలు తీయునప్పుడు అక్కడక్కడ అక్షరము మారును. కరోనా జాతి వైరసులలో తప్పులు దిద్దు ఏర్పాటు ఒకటి ఉన్నందున మార్పులు కొంత మందముగా నడచును. ఇన్ఫ్లూయెంజాకు అట్టి దిద్దుబాటు లేదు గనుక త్వరగా మారును. మారిన ప్రతులలో అధిక భాగము దేనికిని కొరగాదు, కొన్ని అక్కడనే నశించును. ఎప్పుడో ఒకటి మాత్రము కణపు తలుపును మరింత సులువుగా తెరచును, లేక మన రక్షణశక్తి కన్నుగప్పును. డెల్టా అను రకములో, వైరసు మీది ముల్లువంటి ప్రోటీనులో 452వ స్థానమున ల్యూసీను ఉండవలసినచోట ఆర్జినీను వచ్చెను. ఆ ప్రోటీనులో మారిన చోట్లు మరికొన్ని కలవు. ఎవరును తలపెట్టలేదు. వైరసు కపటము పన్నినదనియు, మనలను జయింపదలచినదనియు పత్రికలు వ్రాయుట అలంకారమే. దానికి తలంపు లేదు, పగ లేదు, జాలియు లేదు. ఈ కథలో చిత్తము గలవారము మనము మాత్రమే.

జాలి లేదను మాటను కొంత నొక్కి చెప్పుట అవసరము. ఏలయనగా, ఏ రోగమైనను కాలము గడచుకొలది తనంతట మెత్తబడునని చాలమంది నమ్ముదురు. ఆ నమ్మకమునకు కొందరు దేవుని కృప అని పేరు పెట్టుదురు. ఆస్ట్రేలియాలో 1950లో కుందేళ్ల సంహారమునకై ఒక వైరసును విడిచిరి. మొదట అది తగిలినవాటిలో నూటికి 99కి మించి చచ్చెను. కొన్ని యేండ్లలో కొంత తక్కువ ప్రాణాంతకమైన రకములు వ్యాపించెను. అయినను అవియు తగిలినవాటిలో అధికభాగమును చంపుచునే యుండెను. తగిలిన కుందేలు కొన్నాళ్లు బ్రదికిననే దోమలు వైరసును మరియొక కుందేలుకు చేర్చగలవు. మెత్తబడుటకు కారణము అంతే. వ్యాపించుటకు ముందే రోగిని చంపిన రకము నిలువదు. వ్యాపించిన తరువాత చంపినయెడల వైరసుకు నష్టమేమియు లేదు. కోవిడ్ విషయములో లక్షణములు కనబడుటకు సుమారు రెండు దినములు ముందుగానే రోగి ఇతరులకు అంటింపగలడు. కనుకనే డెల్టా తనకు ముందున్న రకములకంటె వేగముగా వ్యాపించుటయేగాక మరింత తీవ్రముగాను బాధించెను.

1918లోను మొదటి తరంగముకంటె రెండవది ఘోరము. ఆ సంవత్సరము జూను నెలలో ఇన్ఫ్లూయెంజా బొంబాయి రేవున కనబడెను. అక్కడనుండి రైలు మార్గముల వెంట దేశములోనికి సాగెను. సెప్టెంబరులో తిరిగి లేచినప్పుడు అది వెనుకటి జ్వరము కాదు. వానలు లేక పంటలు ఎండిన సంవత్సరమది. ఆకలిగొన్న దేహములకు తాళుకొను బలము లేదు. రాయపూరు అప్పుడు మధ్యపరగణాలలోనిది. నాగపూరు నుండి కలకత్తా పోవు బంగాళ-నాగపూరు రైలు దానిమీదుగనే నడచుచుండెను. దేశములో అందరికంటె అధికముగా నష్టపడినవి బొంబాయి రాజధానియు మధ్యపరగణాలును. దేశమంతట మృతులు కోటి ఇరువది లక్షలు మొదలుకొని కోటి ఎనుబది లక్షల వరకని పండితుల అంచనాలు. 1911 కంటె 1921 జనాభా లెక్కలలో భారతదేశపు జనసంఖ్య తగ్గియుండెను. లెక్కలు మొదలైన నాటినుండి మరి ఏ దశాబ్దములోను అట్లు తగ్గలేదు. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు రైలుదారి పూర్తియైనది 1931లో. మన తెలుగు కుటుంబములు అనేకము ఆ దారినే వచ్చి రాయపూరు రైల్వే వసతులలో స్థిరపడినవి. అన్నము వచ్చు దారియు, బంధువులు వచ్చు దారియు, రోగము వచ్చు దారియు ఒక్కటే. దారులు మూసివేయుట ఏ జనమునకును శాశ్వతముగా సాధ్యము కాదు.

ఇప్పుడు ఆ కుమారుని ప్రశ్నకు రండి. వ్రాతప్రతులను పరిశీలించువారు ఒకే తప్పుగల ప్రతులను ఒక కుటుంబముగా చేర్చుదురు. శాస్త్రజ్ఞులును అట్లే వైరసు అక్షరములను చదివి, మార్పులను బట్టి వంశవృక్షము గీయుదురు. డెల్టా కుటుంబపు తొలి నమూనాలు 2020 అక్టోబరులో మన దేశములో తీసినవేయని ఈ విధముగా తెలిసినది. రాయపూరునకు పొరుగుననున్న మహారాష్ట్రములో 2021 మార్చి నాటికి ఆ కుటుంబము ప్రబలుచున్నట్లు కనబడెను. మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి డెల్టా అని పేరిడెను. అయితే ఈ విద్యకు ఒక మేర కలదు. ఈ వైరసులో నెలకు సుమారు రెండు అక్షరములు మాత్రమే మారి నిలుచును. ఒకరినుండి మరియొకరికి అంటుకొనుటకు నాలుగైదు దినములు చాలును. అందుచేత ఒకే యింటిలో, ఒకే వీధిలో, ఒకే వారములో రోగులైనవారి వైరసులు తరచుగా అక్షరాలా ఒక్కటియే. ఎవరినుండి ఎవరికి వచ్చెనో ఆ వ్రాతను మాత్రమే చదివి చెప్పుట సాధ్యపడదు. తండ్రికి కొడుకే తెచ్చియుండవచ్చును. పాలు పోయువాడు తెచ్చియుండవచ్చును. మందుల దుకాణములో ముందు నిలిచినవారు ఇచ్చియుండవచ్చును. ప్రతి ఏ కుటుంబమునకు చెందినదో తెలియును గాని లేఖకుని పేరు తెలియదు.

శాస్త్రమే పేరు చెప్పలేనిచోట మన చూపులు పేరు చెప్పుట అన్యాయము. ఆ కుమారునితో నేను మొదట అనదగినది ఇదియే. కాని అంతటితో ముగించినయెడల, ఎవరిదియు బాధ్యత కాదను మొదటి జవాబులోనే తిరిగి పడుదుము. నకళ్లు ఎంత అధికమైన, తప్పులు అంత అధికమగును. అంటుకొన్న ప్రతి దేహమును ఒక క్రొత్త లేఖకశాల. ఆ మార్చి నెలలో నవా రాయపూరు క్రీడారంగమున వేలమంది కూడి క్రికెట్ ఆట చూచిరి; పెండ్లిండ్లు జరిగెను; పండుగలు వచ్చెను; మన ఆరాధనలును జరిగెను. వీటిలో ఏ ఒక్కటియు కారణమని చూపజాలము. అన్నియు కలిసి కారణము కాదని అనజాలము.

మోషే ధర్మశాస్త్రము ఈ చిక్కును ఎరుగును. కట్టెలు కొట్టువాని చేతిలోని గొడ్డలి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, కొట్టినవాడు పారిపోయి బ్రదుకుటకు పట్టణములు ఏర్పరచబడినవి. అతడు హంతకుడు కాడు. లేవీయకాండము నాలుగవ అధ్యాయము తెలియక చేసినదానికి బలిని నియమించుచున్నది. అక్కడి హెబ్రీ మాట దారితప్పుటను సూచించును. తెలియదు గనుక ఏమియు లేదని ధర్మశాస్త్రము అనదు, తెలిసి చేసినవానితో సమానము చేయదు. వీటికంటె నాకు ఎక్కువ ఉపకరించునది ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోని ఇంటి కట్టడము విధి: క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పునకు చుట్టును పిట్టగోడ కట్టవలెను, లేనియెడల పడి చచ్చినవాని రక్తము ఆ యింటిమీద నుండును. ఎవడు పడునో తెలియదు, ఎప్పుడు పడునో తెలియదు. బహుశః ఎవడును పడడు. అయినను గోడ కట్టవలెను. పడిన తరువాత వెదకు దోషము వేరు, పడకముందు వహింపవలసిన బాధ్యత వేరు. మన తెలుగులో "అపరాధి", "ఉత్తరవాది" అని రెండు మాటలుండుట మేలాయెను. ఉత్తరవాది అనగా అడిగినప్పుడు ఉత్తరమియ్యవలసినవాడు. తెలియక మోసినవాడు అపరాధి కాడు. అయినను, నీ మేడకు గోడ కట్టితివా అని అడిగినయెడల ఉత్తరమియ్యవలసినవాడే. జ్వరమని ఎరిగియు పరీక్షకు వెళ్లక పదిమందిలో తిరిగితినా? టీకా దొరికినప్పుడు వేయించుకొంటినా? ముఖము కప్పుకొంటినా? వీటికి ఆ కుమారుడు ఉత్తరమియ్యగలడు, ఇచ్చి నిద్రపోగలడు. తండ్రి మరణమునకు ఉత్తరమియ్యమని అతనిని అడుగుటకు మనమెవరము?

1527లో విట్టెన్‌బర్గులో తెగులు ప్రబలినప్పుడు మార్టిన్ లూథరు ఊరు విడువలేదు. బ్రెస్లా నగరపు బోధకులు అడిగినందున జోహాన్ హెస్సునకు ఒక పెద్ద లేఖ వ్రాసెను. పొరుగువారిని విడిచి పారిపోవువారిని మందలించినంత గట్టిగా, మందును జాగ్రత్తను తృణీకరించి అది విశ్వాసమనుకొనువారిని అతడు మందలించెను; తాను అవసరము లేనిచోటికి పోనని కూడ వ్రాసెను. ఎరిగియు అజాగ్రత్తచే ఇతరులకు అంటించినవాని విషయములో అతని మాట చాల కఠినము. అది ఎరిగినవానికి చెప్పినదని మరువరాదు.

పిట్టగోడ కట్టుటకు ముందు మేడ ఉండవలెను. 2020 మే నెలలో రాయపూరు టాటీబంధ్ కూడలిలో వేలాది కూలీలు లారీలమీదను కాలినడకను తమ ఊళ్లకు పోవుచుండిరి. ఏటేట మిరపకోతకై బస్తరు నుండి ఖమ్మము, ములుగు పొలములకు వచ్చువారిని మనమెరుగుదుము. పదిమంది ఒక పాకలో పండుకొందురు. ఎడముగా నుండుమని వారికి చెప్పుట సులభము. వారి పక్షమున గోడ కట్టవలసినవారు పొలము గలవారు, పాక వేయించినవారు, ప్రభుత్వము, ఆ మిరపకాయ తినుచున్న మనము.

మన సంఘములలో ఒక అలవాటు గూర్చి కూడ చెప్పవలెను. ఒక పెద్ద 102 డిగ్రీల జ్వరముతోనే ఆదివారము ఆరాధనకు వచ్చినయెడల అతని భక్తిని వేదికమీద నుండి మెచ్చుకొందుము. ఇంట నిలిచినవానిని చల్లారినవాడని తలంచుదుము. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా నుండి ప్రకటితమైన ఒమిక్రాను సంతతి ఇప్పటికిని మారుచునే యున్నది. ఇన్ఫ్లూయెంజా ఏటేట మారుచునే యున్నది. మన బల్లలలో ముందు కూర్చుండువారు వృద్ధులు, మధుమేహ రోగులు, మూత్రపిండములు చెడినవారు. దగ్గుచున్న పెద్దను వాకిటనే ఆపి, అయ్యా, ఇవాళ మీరు ఇంటికి వెళ్లండి, రొట్టెయు ద్రాక్షారసమును మేమే తెచ్చి మీ గుమ్మమునొద్ద ఇచ్చెదమని చెప్పగల సంఘసేవకులు మనకెందరున్నారు?