పాత దూలములోని మేకు

ధ్యానమునకు: ప్రసంగి 10:10, యోహాను 6:12, యాకోబు 5:4



పనిముట్టు మొద్దుబారినప్పుడు దానిని నూరుకొననివాడు ఒంటి బలమును వృథాగా ఖర్చుపెట్టునని ప్రసంగి గ్రంథకర్త భావము. ఇది మన ద్రాక్షారామము చుట్టుపట్ల తెలియవలెనన్న, పాత మండువా లోగిలి విప్పుచున్న చోట ఒక పూట నిలిచి చూచిన చాలును.

ఏజెన్సీ అడవుల టేకు ఒకప్పుడు తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చెడిది. అట్టి కలపతో కట్టిన ఇండ్లు పోయి నేడు డాబాలు లేచుచున్నవి. దూలములు, ద్వారబంధములు పాత కలప అడితులకు చేరుచున్నవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కూల్చిన ఇండ్లలోనుండి ఏరుకొనిన కర్రతోనే మరల గూడు నిలుపుకొనినవారు మనలో ఉన్నారు. ఐదువేలమంది తిన్న పిమ్మట సయితము రొట్టెముక్కలను పారవేయనియ్యని ప్రభువు వడ్రంగి కూడ. కర్రముక్క విషయములో ఆయన వేరుగా తలంచునని మేమనుకొనము.

చిక్కంతయు మేకుతోనే. తుప్పు పట్టి, తల కర్రలోనికి దిగిపోయిన మేకును గునపముతో పెకలించిన దూలము చీలును; విడిచిపెట్టిన రంపపు పండ్లు విరుగును. అజాగ్రత్తగా అడుగువేసిన కాలికి గుచ్చుకొనినచో ధనుర్వాతపు భయము. చేయి తిరిగినవాడు ముందుగా మేకును లోనికే ఒక దెబ్బ కొట్టి తుప్పు పట్టు వదలించును, ఆ తరువాతనే పీకును. పనిముట్టు మడమ వెడల్పుగా నుండిన కర్ర నొక్కుకొనిపోదు. మడమనుండి మేకునకు ఒక అంగుళము, చేతికి 18 అంగుళములు దూరమున్నచో చేతి బలము 18 రెట్లగును. మేకు పైకి లేచినకొలది మడమ క్రింద దిమ్మ పెట్టుకొనవలెను. మునిగిన తలను దవడలతో కరచిపట్టి లాగు పనిముట్టు పాశ్చాత్య దేశములలో 19వ శతాబ్దము చివరనే వచ్చినది. మన కమ్మరి కొలిమిలో దానికన్న సులువైనది ఎందుకు పుట్టకూడదు?

ముఖపు చెమట దేవుడు విధించినదే గదా, పనిని తేలిక చేయుట సోమరితనము కాదా అని కొందరు పెద్దలు అడుగుదురు. ఆదికాండము 3వ అధ్యాయములో చెమట మాట 19వ వచనమున నున్నది. రెండు వచనములు దాటగానే దేవుడే ఆదాము హవ్వలకు చర్మపు చొక్కాయిలు చేసి తొడిగెను. శిక్ష విధించినవాడే చలి మాన్పినప్పుడు, నడుము నొప్పి మాన్పుట పాపమెట్లగును?

మాకు భయము కలిగించు ప్రశ్న వేరు. రెండు దినముల పని ఒక పూటలో ముగిసినచో ఆ మిగిలిన కాలమెవరిది? కూలి దినము లెక్కన ఇచ్చుచోట మంచి పనిముట్టు పట్టినవాని గంజి సగమగును. కర్ర చెడక బయటపడినందున అడితిలో ధర పెరుగును, ఆ పెరుగుదల యజమానుని పెట్టెలో పడును. కోత కోసినవారి కూలి మొరపెట్టునని యాకోబు వ్రాసినది పొలమునకు మాత్రమేనా? పనిముట్టు పుట్టించినవాని తెలివిని మెచ్చుకొని, దానిని పట్టినవాని కూలి కోయుట మాకు దొంగతనముగానే తోచుచున్నది. దూలము లెక్కన బేరమాడుకొనుట మేలు.

పనిముట్టు ఎవరిదన్నది కూడ చూడవలెను. రెండవ రాజులు 6వ అధ్యాయములో గొడ్డలి నీట పడినప్పుడు ఆ శిష్యుడు అంతగా విలపించినది, అది ఎరువు తెచ్చినది గనుకనే. మేస్త్రీ సొత్తయినచో షరతులును మేస్త్రీవే. సంఘపు వంటపాత్రలు గుడి గదిలో ఉంచి పెండ్లిండ్లకు ఎరువిచ్చుచున్నాము గదా. ఆ ప్రక్కనే రెండు మేకు పీకు పనిముట్లు ఉంచవచ్చును. కమ్మరితో మాటలాడునప్పుడు, మేకులు పీకి చేతులు కాయలు కాచినవారిని వెంటబెట్టుకొని పొండు. పిడి ఎంత పొడవుండవలెనో వారు చెప్పుదురు.