ఒక్కో మెట్టుకీ బొట్టు

వీడియోలో చెప్పడానికి సమయం చాలని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

యాభై దాటాక నాకు మారథాన్ పిచ్చి పట్టింది. 42.195 కిలోమీటర్ల పరుగు! ప్రాక్టీసులో ఇరవై దాటితే చాలు, "ఇక చాల్లే, ఇంటికి పోదాం" అనేది మనసు. మెడల్ వస్తుందనీ, నలుగురూ మెచ్చుకుంటారనీ దానికి ఆశ చూపించాను. రెండు వారాలు నమ్మింది. మూడో ఆదివారం సగంలోనే ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. సిగ్గేసింది.

ఆ రాత్రి అమ్మ గుర్తొచ్చింది. మోకాళ్ల నొప్పితోనే అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి తిరుమల చేరింది. ఎలా ఎక్కావమ్మా అంటే, "నేను లెక్కపెట్టలేదు నాన్నా. ఒక్కో మెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ పోయాను, అంతే" అంది.

మరుసటి వారం నుంచి నేనూ అంతే. ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా గోవింద నామం. తర్వాత ఇంకో స్తంభం.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమంటాడు. కృష్ణుడు కాదనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో లొంగుతుందన్నాడు. నాకు అభ్యాసమంటే ఎదురుగా ఉన్న స్తంభం. వైరాగ్యమంటే మెడల్ మాట మరిచిపోవడం.

మీ పరుగు అప్పు తీర్చడం కావచ్చు, జబ్బుతో పోరాటం కావచ్చు. ఈ రోజు మెట్టుకి బొట్టు పెట్టండి. పై మెట్టు సంగతి స్వామి చూసుకుంటాడు.

గోవిందా! గోవింద!