పత్రములేని దాంపత్యము

దాంపత్యమును దాంపత్యముగా నిలుపునది యేది? వధూవరులు చేసికొన్న ప్రతిజ్ఞయా, దానిని కన్నులార చూచిన బంధుమిత్రుల సాక్ష్యమా, లేక ఉద్యోగి ముద్రవేసి యిచ్చిన కాగితమా? సుఖముగా నున్న గృహస్థునకు ఈ ప్రశ్నతో పనిలేదు. ఆమె యతని యిల్లాలని ఇరుగుపొరుగువా రెఱుగుదురు, అంతతో సరి. కాని యుద్ధమువలననో, దొరతనమువారి హింసవలననో ఇల్లు విడిచి పరదేశమున తలదాచుకొన్న కాందిశీకునకు ఈ ప్రశ్నయే బ్రదుకు సమస్యయైనది. అతడొక దేశమున, అతని భార్య వేఱొక దేశమున చిక్కుకొని యుందురు. ఆమెను పిలిపించుకొనుటకు వీసా కావలెను. వీసాకు ఆమె యెవరో తెలుపు పత్రమొకటి, ఆమె యతని భార్యయని తెలుపు పత్రమొకటి కావలెను. ఆ రెండును లేవు. కాందిశీకురాలు భార్యయై, వెనుక చిక్కినవాడు భర్తయైనను కష్టమిదియే. దీని ధర్మాధర్మములను గూర్చి చదువరులతో కలసి కొంత విచారింపదలచితిమి.

పత్రము లేకపోవుట అజాగ్రత్తకు గుర్తని పలువురు తలంతురు. నిజమట్లు గాదు. కొందఱి పత్రములు ఇంటితోపాటు కాలిపోయినవి. కొందఱివి పడవ మునిగినప్పుడు నీటిపాలైనవి. కొందఱివి సరిహద్దు దాటించిన దళారులు లాగికొనిరి. వీరికంటె దురదృష్టవంతులు మొదటినుండియు పత్రమే లేనివారు. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టము రోహింగ్యాలలో అత్యధికులను పౌరులుగా నంగీకరింపలేదు. ఉత్తర రఖైను ప్రాంతమున వారు పెండ్లాడుటకు సయితము అధికారుల యనుమతి పొందవలసివచ్చెను. అనుమతిలేక పెండ్లాడినవారు ఆ పెండ్లిని దాచుకొనవలసినదే కాని చాటుకొనుటకు వీలులేదు. ఆఫ్ఘనిస్థానపు పల్లెలలో నికా పెద్దలయెదుట జరుగును. దానిని న్యాయస్థానమున వ్రాయించుకొనువారు తక్కువ. ఎరిత్రియాలో చర్చిలో పెండ్లాడి పురపాలక కార్యాలయమునకు పోని జంటలు పెక్కు. సిరియాలో 2011 తరువాత తిరుగుబాటుదారుల వశమైన చోట్ల జరిగిన పెండ్లిండ్లను ప్రభుత్వపు పట్టీలకెక్కించుట దుర్ఘటమయ్యెను. వీరిలో పలువుర కథలలో సమానముగా కనబడున దొకటి కలదు: పత్రము నీయవలసిన చేయియే వారిని వెడలగొట్టిన చేయి.

ఎరిత్రియా ప్రభుత్వము విదేశములలోనున్న తన ప్రజల ఆదాయమునుండి నూటికి రెండు చొప్పున పన్ను కోరును. అనుమతిలేక దేశము విడిచినవాడు దాని రాయబార కార్యాలయమునుండి పత్రము పొందగోరినచో, జాతీయ సేవను నెఱవేర్పక నేరము చేసితిననియు, తగిన శిక్షకు సిద్ధముగా నున్నాననియు పశ్చాత్తాప పత్రముపై సంతకము పెట్టవలెను. ఇట్టి సంతకము పెట్టనొల్లని ఎరిత్రియావాసిని పాస్‌పోర్టుకై దానికి లోబడుమని నిర్బంధించుట తగదని 2022 అక్టోబరులో జర్మనీదేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఒక సత్యమును నిరూపించుకొనుటకై, తన మనస్సాక్షి యొప్పని వాక్యమును తన చేతితోనే వ్రాయుమనుట యే ధర్మము? ఆ తీర్పునందలి సారము ఇదియేయని మా తలంపు.

లోకము ఈ కష్టము నెఱుగక పోలేదు. మొదటి మహాసంగ్రామమునకు పిమ్మట దేశభ్రష్టులైన రష్యనులకై నానాజాతిసమితి పక్షమున నాన్సెను మహాశయుడు 1922లో ప్రత్యేక ప్రయాణపత్రము నేర్పరచెను. 1924లో అది ఆర్మీనియనులకును వర్తించెను. పత్రము నిచ్చు దేశము లేనివానికి లోకమే పత్రము నీయవలెననుట అందలి మూలసూత్రము. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 16వ అధికరణము వివాహహక్కును చాటి, కుటుంబము సంఘమునకు సహజమైన మూలాంగమని పలికినది. 1951 నాటి కాందిశీకుల ఒడంబడికలోని 12వ అధికరణము వివాహమువలన సంక్రమించిన హక్కులను మన్నింపుమన్నది. 25వది, స్వదేశాధికారులను ఆశ్రయింపలేని కాందిశీకునకు ఆశ్రయమిచ్చిన దేశమే పత్రముల విషయమున సాయపడవలె నన్నది. 28వది ప్రయాణపత్రము నీయుమన్నది. అయినను భార్యాభర్తలను ఒకచోట చేర్పవలెనను విధి ఆ ఒడంబడికలో లేదు. ఒడంబడికను కుదిర్చిన మహాసభ కుటుంబైక్యమును గాపాడుడని ప్రభుత్వములకు సిఫారసు మాత్రము చేసినది. సిఫారసునకును శాసనమునకును నడుమనున్న ఆ సందులోనే నేడు వేలకొలది దంపతులు ఇరుకుకొని యున్నారు.

ఇక రెండవ పక్షమువారి మాటయు వినుట న్యాయము. వీసా నిచ్చు ఉద్యోగి హృదయశూన్యుడని తీర్మానించుట సులభము; అది సత్యము గాదు. భార్యయని చెప్పి బాలికను విక్రయమునకు గొనిపోవువారు కలరు. ధనమునకై కల్పించిన పెండ్లిండ్లును, మొదటిభార్యను మఱుగుపరచి రెండవదానిని పిలిపించుకొనువారును కలరు. సంస్కరణాభిమానులమైన మనము ఈ భయములను తేలికగా త్రోసివేయరాదు. పెండ్లికి లెక్కయు, వయసుకు సాక్ష్యమును ఉండవలెనని కోరినవారము మనమే. 1929 నాటి శారదాచట్టము బాలికకు 14 ఏండ్లు నిండనిది పెండ్లి కూడదని విధించినది. పుట్టిననాడు పట్టీలో వ్రాయబడని బిడ్డకు ఆ చట్టము రక్షణ యెట్లిచ్చును? 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు సంఘము వెలివేసిన ఆ దంపతులకు 1856 నాటి చట్టమే అండయయ్యెను. కాగితము అబలలకు కవచమగునని మనకు తెలియును.

అయితే కవచము వేఱు, దేహము వేఱు. కవచము లేదని దేహమే లేదనుట తర్కమునకు నిలువదు. పంతులుగారి కాలమున సంఘము కాదన్న దాంపత్యమును చట్టము ఔనన్నది. నేడు సంఘమంతయు ఔనన్న దాంపత్యమును కార్యాలయము కాదనుచున్నది. ఇట్టి యన్యాయము మన జాతికి క్రొత్తది గాదు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేపు న్యాయస్థానమున సెర్లు అను న్యాయాధిపతి, క్రైస్తవ విధిని జరిగి రిజిస్టరైన పెండ్లిండ్లు తప్ప తక్కినవి ఆ దేశమున చెల్లవని తీర్పు చెప్పెను. భార్య నాడు భారతదేశమునుండి భర్తవద్దకు రాబోవుచుండగా పుట్టిన వివాదమది. ఒక్క కలపుపోటుతో హిందువుల, మహమ్మదీయుల, పారసీకుల యిల్లాండ్రందఱును చట్టము దృష్టిలో భార్యలు గాకపోయిరి. 1860 మొదలు నేటాలునకు కూలికి పోయిన తెలుగుకుటుంబముల స్త్రీలును ఆ యవమానమునకు గుఱియైరి. కస్తూరిబాయమ్మ మొదలగు స్త్రీలు సత్యాగ్రహమున జొచ్చి చెఱకేగుటకు ఇదియొక ముఖ్యకారణము. 1914లో భారతీయుల ఉపశమన చట్టము పుట్టువఱకు ఆ గాయము మానలేదు. మన తాతమ్మలయెడ అన్యాయమైనది ఇతరుల భార్యలయెడ న్యాయమగునా?

మన యింటి సంగతిని చూచినను ఇదే తేలును. 1955 నాటి హిందూ వివాహచట్టము ఆచారవిధిగా జరిగిన పెండ్లిని చెల్లునన్నది. రిజిస్టరు చేయనంతమాత్రమున పెండ్లికి భంగము లేదనియు చెప్పినది. ఆంధ్రప్రదేశమున నిర్బంధ రిజిస్ట్రేషను చట్టము వచ్చినది 2002లో. వివాహములన్నిటిని నమోదు చేయవలెనని సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది 2006లో. అంతకు పూర్వపు దంపతులలో ఎందఱు తమ పెండ్లికి కాగితము చూపగలరు? మన తలిదండ్రులను వేఱువేఱు గదులలో కూర్చుండబెట్టి, మీరు దంపతులని ఋజువు చేయుడని విదేశీయుడెవడైన నడిగినచో, తాళిబొట్టును, శుభలేఖను, ఊరివారి మాటను తప్ప వారేమి చూపగలరు? వారికి చాలిన సాక్ష్యము కాందిశీకులకు ఏల చాలదు?

ఇక్కడ వింతయైన విషయమొకటి కలదు. తండ్రికిని బిడ్డకును గల సంబంధమును నేడు డి.ఎన్.ఏ. పరీక్ష తేల్చివేయును. కాగితములు లేకున్నను రక్తము సాక్ష్యము పలుకును. భార్యాభర్తల సంబంధమునకు అట్టి పరీక్ష లేదు. బిడ్డలున్న దంపతులకు ఆ బిడ్డలే కొంత ఆధారము. క్రొత్తగా పెండ్లియై విడిపోయినవారికి, సంతానము లేనివారికి ఆ యాధారమును లేదు. దాంపత్యము రక్తమువలన కలుగునది గాదు. ఇద్దఱి సంకల్పమువలన కలుగునది. మానవసంబంధములలో దానికి గల ఘనత యిదియే, నిరూపణ విషయమున దాని బలహీనతయు నిదియే. సంకల్పమును తూచు త్రాసు ఏ కార్యాలయమునను లేదు. కావున ఉద్యోగులు ఇద్దఱిని వేఱుగా ప్రశ్నించి, సమాధానములలో తేడా దొరకినచో అబద్ధమని వ్రాసికొందురు. పెద్దలు కుదిర్చిన సంబంధములలో పెండ్లినాటికి వరునిగూర్చి వధువునకు తెలిసినది స్వల్పము. భయమువలనను, ఏండ్ల యెడబాటువలనను జ్ఞాపకము తడబడును. ఈ సంగతులు ఎఱిగి ప్రశ్నించువాడు నిజమును కనుగొనును. ఎఱుగనివాడు తడబాటునే కనుగొనును.

ఈ వివేకము శాసనమున కెక్కదని యెవరైన నందురేమో. ఎక్కినది. ఐరోపా సమాఖ్యవారి 2003 నాటి కుటుంబ పునస్సంయోగ ఆదేశము, కాందిశీకుడు అధికార పత్రము చూపలేనప్పుడు ఇతర సాక్ష్యమును పరిశీలింపవలెననియు, పత్రము లేదన్న యొక్క కారణముచేతనే నిరాకరింపరాదనియు విధించినది. 2019 మార్చిలో ఆ సమాఖ్య న్యాయస్థానము ఒక ఎరిత్రియా స్త్రీకిని ఆమె పెంచుచున్న బాలునకును సంబంధించిన వ్యవహారమున, పత్రములు ఏల లేవో చెప్పిన సంజాయిషీని వారి వయసును, స్వదేశస్థితిని, పడిన పాట్లను ఎఱిగి తూచవలెనని చెప్పెను. 2021 జూలైలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, సిరియానుండి వచ్చిన యొకడు భార్యను పిలిపించుకొనుటకు దరఖాస్తు పెట్టుటకే మూడేండ్లు ఆగవలెనన్న డెన్మార్కు నియమము కుటుంబ జీవనహక్కునకు భంగకరమని తీర్మానించెను. ప్రయాణపత్రము లేనివారికై అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘము 1945 మొదలు ఉచితముగా తాత్కాలిక పత్రమును ఇచ్చుచున్నది. కావున మార్గము తెలియకపోవుట గాదు. ఆ మార్గమున నడచుటకు మనసు నిలుకడగా నుండకపోవుటయే కొఱత. 2025 సెప్టెంబరులో బ్రిటిషు ప్రభుత్వము కాందిశీకుల కుటుంబ పునస్సంయోగమునకు క్రొత్త దరఖాస్తులు గైకొనుట నిలిపివేసి, ఆదాయపు నిబంధనలుగల సామాన్య మార్గమును చూపెను. సర్వము పోగొట్టుకొని వచ్చినవానిని ఆదాయమెంతయని యడుగుట అట్టిది.

మా యభిప్రాయమున అసలు ప్రశ్న యిది: సందేహము మిగిలినప్పుడు దాని భారమును ఎవరు మోయవలెను? ఉద్యోగి రెండు విధముల పొరపడవచ్చును. దంపతులు కానివారిని దంపతులని నమ్మవచ్చును. దంపతులైనవారిని కారని త్రోసివేయవచ్చును. మొదటి పొరపాటు బయటపడినప్పుడు దిద్దుకొనుటకు ప్రభుత్వమునకు అధికారము కలదు, సాధనములు కలవు, కాలము కలదు. రెండవదానిని ఎవరును దిద్దలేరు. శిబిరమున గడచిన యౌవనము మరలిరాదు. కలుగవలసిన బిడ్డలు కలుగరు. ఎదురుచూచి యెదురుచూచి ఒకరు మరణించినచో ఆ తర్వాత వచ్చు వీసా దేనికి? దిద్దుకొనగల పొరపాటును బలవంతుడు భరించుట ధర్మము. దిద్దరాని పొరపాటును బలహీనునిపై మోపుట అధర్మము. బాలికల విషయమున మాత్రము ఈ సూత్రమును మేము సడలింతుము. అక్కడ తప్పుడు నమ్మకమే దిద్దరాని హాని చేయును. అందులకై ఆమెను ఏకాంతమున, ఆమె భాషలో, స్త్రీ యుద్యోగిచేత విచారింపుడందుము. కాగితము అడుగుటకంటె ఆ విచారణయే ఆమెను చక్కగా రక్షించును. బాలికను అమ్మువాడు కాగితమును కొనగలడు గదా!

దూరదేశపు గొడవ మనకేల యని చదువరులు తలంపరాదు. 1942లో జపానుసేనలు బర్మాపై బడినప్పుడు అక్కడి తెలుగువారు వేలకొలది తక్కిన భారతీయులతోపాటు అడవులు, కొండలు దాటి నడచివచ్చిరి. 1962లో సైనికపాలన వచ్చిన పిమ్మట మఱికొందఱు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాకాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. నేడు హైదరాబాదులోని బాలాపూరు ప్రాంతమున రోహింగ్యా కుటుంబములు నివసించుచున్నవి. భారతదేశము 1951 ఒడంబడికలో చేరలేదు. ఐక్యరాజ్యసమితి కాందిశీక సంస్థ యిచ్చిన కార్డే వారిలో పలువురకు గల యానవాలు. ఒకప్పుడు మనవారును ఆ త్రోవనే, అట్లే వట్టిచేతులతో వచ్చిరని జ్ఞప్తి యుంచుకొనుట మనకు విధి.

కాగితములను తృణీకరింపుడని మేము చెప్పుటలేదు. ప్రతి గృహస్థుడును తన పెండ్లిని, బిడ్డల జననమును పట్టీలో వ్రాయించుకొనుట మంచిది. ముఖ్యముగ స్త్రీలకది రక్ష. కాని ఉన్నవారికి రక్షయైనది లేనివారికి శిక్ష కాకుండ చూచుట నాగరకత. రాజ్యము వివాహమును నమోదు చేయును, సృజింపదు. తాను సృజింపనిదానిని, వ్రాతలో కనబడలేదని లేదనుట రాజ్యమునకు చెల్లదు. సాక్ష్యమును ఏ రూపమున వచ్చినను ఓపికతో విని, తూచి, కాలవిలంబము లేక తీర్పు చెప్పుటయే దానికి తగిన పని.